మొటిమలు కావవి, చుక్కలు

నేను ఒక ఫొటోని. పెళ్లి ఫొటోని కాదు, పాస్‌పోర్టు ఫొటోని అంతకన్నా కాదు. వంగ ఆకు మీద రెండు పురుగులు పక్కపక్కన కూర్చున్న ఫొటోని. నవ్వకండి. మీ బీరువాల్లో పదేళ్లుగా ఎవరూ తెరవని ఆల్బములు ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. నన్ను మాత్రం రోజూ ఎవరో ఒకరు ముక్కు ఆనించి మరీ చూస్తారు.

నేను పుట్టింది తెనాలి దగ్గర ఒక వంగతోటలో, వెలుగు ఇంకా సరిగా రాని మబ్బు పట్టిన పొద్దున. తీసింది సుభాషిణి. పురుగుమందులు కొట్టకుండా సేద్యం చేయడం ఎలాగో ఆడరైతుల సంఘాలకు నేర్పే అమ్మాయి. ఫోనుకి చొక్కా బొత్తామంత లెన్సు ఒకటి తగిలించుకుని, బురదలో మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి నన్ను తీసింది. తోట వజ్రమ్మది. ఆవిడకి పురుగంటే ఒళ్లుమంట. చేతికి దొరికినదాన్ని దొరికినట్టు బొటనవేలితో నలిపేసేది.

"అక్షింతల పురుగే గదా, చావనియ్!" అనేది.

తిరకాసంతా ఆ పేరులోనే ఉంది. వీపు మీద అక్షింతలు చల్లినట్టు చుక్కలుంటే చాలు, ఆ ఊళ్లో ఏ పురుగునైనా అదే పేరుతో ఒకే గాటన కట్టేస్తారు. కానీ అవి రెండు జాతులు. ఒకటి వంగ ఆకును గీకి గీకి జల్లెడ చేసేస్తుంది. రెండోది ఆకు జోలికే పోదు. ఆకు రసం పీల్చే పేనుబంకను తిని బతుకుతుంది. అంటే వజ్రమ్మ తోటకి అది జీతం అడగని కాపలాదారు. ఆవిడేమో దొంగనీ కాపలాదారునీ కలిపి నలుపుతోంది. పేనుబంక విజృంభించి మొక్కలు ముడుచుకుపోయాయి. సోమవారం సంఘం ఆడవాళ్లందరినీ పిలిచి పురుగులు మొత్తం ఏరించేస్తానని, అప్పటికీ తోట తేరుకోకపోతే దున్నేస్తానని చెప్పేసింది. ఆ ఏరివేతలో కాపలాదారులు కూడా పోతే తోట ఇక బతకదు. అందుకే సోమవారానికల్లా నేను పోస్టరునై ఆ చేలో ఉండాలి.

పుట్టినప్పుడు నాలో ఏమేమి ఉన్నాయనుకున్నారు! సుభాషిణి చెప్పు కొస, నీళ్ల పైపు, ఒక పుచ్చు వంకాయ, వజ్రమ్మ పైటచెంగు, ఆకాశం ముక్క. వాటన్నిటి మధ్య రెండు ఆవగింజల్లా ఆ పురుగులు. ఎంత నిండుగా ఉన్నానో అని నేను మురిసిపోయాను. చూసేవాళ్లకి మాత్రం పైటచెంగే కనిపించేది.

ఆదివారం పొద్దున నన్ను బాజీ స్టూడియోకి పంపారు. బాజీ పెళ్లిళ్ల ఫొటోలకి పెట్టింది పేరు. బుగ్గ మీద మొటిమ ఉన్న పెళ్లికూతురు ఆయన కంప్యూటరు దాటి బయటికి వచ్చిన దాఖలా లేదు. నన్ను చూడగానే కత్తెర వేశాడు. చెప్పు పోయింది, పైపు పోయింది, ఆకాశం పోయింది. ముందు భయపడ్డాను గానీ, పోయేకొద్దీ ఒళ్లు తేలికై ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆయన దొంగ పురుగుని కూడా కోసేశాడు! మెరిసే కాపలాదారు ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత చెయ్యి అలవాటు ప్రకారం తన పని తాను చేసుకుపోయింది. మధ్యాహ్నం సుభాషిణి వచ్చేసరికి నాలో మచ్చలేని గురివింద గింజ ఒకటి తళతళలాడుతోంది.

"బాజీ గారూ, చుక్కలేవండీ?"

"మొటిమలా? తీసేశా మేడం. పెళ్లికూతురు మధ్యలో ఉండాల గదా, పక్కనోళ్లని గూడా తీసేశా."

సుభాషిణి కుర్చీలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆగాక మొహం పాలిపోయింది.

"ఇది గోడకెక్కితే, చుక్కలున్నవన్నీ దొంగలే, చంపండని నేనే చెప్పినట్టు గదండీ" అని ఆయనకి నాలుగు అక్షింతలు వేసింది. ఇవి చీవాట్ల అక్షింతలు.

బాజీ నొచ్చుకోలేదు. అసలు కాపీ దాచకుండా ఏ ఫొటో ముట్టుకోవడం ఆయనకి అలవాటు లేదు. దాన్ని తెరిచి మళ్లీ కత్తెర పట్టాడు. ఈసారి పురుగులు రెండూ ఉంచి, చుట్టూ కాస్త ఆకు వదిలాడు. ఇంకా బిగించి కోస్తే పోస్టరు సైజుకి సాగదీసినప్పుడు నేను గళ్లుగళ్లుగా పగిలిపోతానని ఆయనకి తెలుసు. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ తప్పు చేసినవాడి ఉత్సాహం ఉంది చూశారూ, అది మహా చెడ్డది. పదును పెంచే మీటని ఆ చివరికంటా లాగేశాడు. పురుగుల చుట్టూ సున్నం గీతలు పడ్డాయి. మసక వెలుతురులో పుట్టిన నాలో ఇసుక చల్లినట్టు ఉండే గరుకు అంతా నిక్కబొడుచుకుంది. నున్నటి కాపలాదారు వీపు మీద బొచ్చు మొలిచింది!

అసలు గుర్తే అది. దొంగ వీపు మీద సన్నటి నూగు ఉంటుంది, మెరుపుండదు. కాపలాదారు వీపు కొత్త గాజులా మెరుస్తుంది. సుభాషిణి సంచిలోంచి చిన్న సీసా తీసి కంప్యూటరు పక్కన పెట్టింది. అందులో రెండు పురుగులూ తిరుగుతున్నాయి. బాజీ భూతద్దంతో సీసాలోకి ఒకసారి, నాలోకి ఒకసారి చూడటం మొదలుపెట్టాడు. ముందు నా గరుకుని మెల్లగా అణిచాడు. నన్ను అచ్చయ్యే సైజుకి తెచ్చాక, పదునుని రవ్వంత రవ్వంత పెంచాడు. అదీ పురుగుల మీదే. వెనక ఆకుల్ని వాటి మసకలో వాటిని ఉండనిచ్చాడు. దొంగ వీపు మీద నూగు తెలిసింది. కాపలాదారు మెరుపు చెదరలేదు. అక్కడ చెయ్యి ఆపాడు. ఆపడమే కష్టమని ఆయన మొహం చూస్తే తెలిసింది.

దొంగ చుక్కల్ని పైకి లెక్కపెట్టాడు. ఇరవై ఎనిమిది. కాపలాదారు మచ్చలు ఆరు. పక్కన పెట్టుకున్న టీ చల్లారిపోయింది.

"ఇన్నేళ్లలో ఉన్న మొహాన్ని ఉన్నట్టు చూపించడానికి కష్టపడింది ఇయ్యాలే మేడం" అన్నాడు. ఆ మాటకి నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

సోమవారం పొద్దున్నే వజ్రమ్మ మోటారు షెడ్డు గోడకి నన్ను అంటించారు. ఆడవాళ్లు గుమిగూడారు. వజ్రమ్మ ఆలస్యంగా వచ్చింది, దోవలో దొరికిన పురుగుని గుప్పిట్లో పట్టుకుని. సుభాషిణి ఏదో చెప్పబోతే చేత్తో ఆపి, నా దగ్గరికి వచ్చి నిలబడింది. చాలాసేపు చూసింది. గుప్పిట విప్పింది. ఒకటి, రెండు అని మొదలుపెట్టి ఆరు దగ్గర ఆగింది. అరచేతిని ఎండకి తిప్పింది. వీపు మెరిసింది. ఆవిడ బొటనవేలు గాల్లోనే ఉండిపోయింది.

"ఇన్నాళ్లూ నేను నలిపింది నిన్నేనా?" అంది నెమ్మదిగా.

వజ్రమ్మ చేలోకి నడిచి, ముడుచుకుపోయిన ఆకుల్లో బాగా పేనుబంక పట్టినదాన్ని వెతికి, దాని మీద ఆ పురుగుని దించింది.

"తిను తల్లీ. కడుపునిండా తిను."

ఆ రోజు ఏరివేత జరిగింది. దొంగల్ని మాత్రమే ఏరారు. ఏరిన ప్రతిదాన్నీ తెచ్చి నాతో పోల్చుకోవడంతో నా ఒళ్లంతా మట్టి వేళ్ల ముద్రలు పడ్డాయి. నెల తిరక్కుండా ఆకులు విచ్చుకున్నాయి. ఆ తర్వాత వజ్రమ్మ దొంగ పురుగు పేరు కూడా మార్చేసింది.

"అక్షింతలు దీవించడానికి ఏస్తారు. దొంగముండకి ఆ పేరేంది?" అని తీర్పిచ్చి, ఆకు గీకేదానికి బొచ్చుదొంగ అని బారసాల చేసింది. ఇప్పుడు ఊరంతా అలాగే అంటున్నారు.

రెండు వానాకాలాలు గడిచాయి. ఎండకి నా ఎరుపు వెలిసిపోయి గులాబీ రంగుకి దిగింది, ఒక మూల చిరిగింది. వజ్రమ్మకి ఇప్పుడు నాతో పనే లేదు, వేలితో తాకి చెప్పేస్తుంది ఏది ఏదో. నాకు దిగులు లేదు. నేను పుట్టింది అందుకే కదా.

మొన్న బాజీ ఇటువైపు పెళ్లికి వచ్చి నన్ను చూసి జాలిపడ్డాడు.

"కొత్తది అచ్చేసి తెస్తా వజ్రమ్మా, ఇంకా నీటుగా."

వజ్రమ్మ బుట్టలో వంకాయలు సర్దుతూ తలెత్తకుండానే అంది.

"తే గానీ బాజీ, దాని మొహం మాత్రం కడగమాక."