మూత కింద బరువు

ప్రయోగశాలలో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ దశాంశమే. టీలో చక్కెర ఎంతంటే చెంచా అనదు, ఒకటింబావు అంటుంది. ఇలాంటి మనిషికి ఆ హీలియం ఉష్ణమాపకాన్ని మించిన సంబంధం దొరకదని వెనకాల నవ్వుకునేవారు. ఆ మాట చెవిన పడినా ఆవిడకి కోపం వచ్చేది కాదు.

ఆ యంత్రం చూపులకి ఏమంత గొప్పది కాదు. ఒక రాగి బుడ్డి, దాని నిండా హీలియం. బుడ్డి వేడెక్కితే లోపల పీడనం పెరుగుతుంది. పీడనం తెలిస్తే వేడి ఎంతో తెలిసిపోతుంది. కాబట్టి తంటా అంతా పీడనం కొలవడంలోనే. లోపలి పీడనం పక్కనున్న పిస్టన్‌ని పైకి నెడుతుంది, పిస్టన్ నెత్తిన పేర్చిన బరువులు కిందికి నొక్కుతాయి. రెండూ సరితూగి పిస్టన్ తేలుతూ మెల్లగా తిరుగుతుంటే ఆ బరువే లెక్క. దోమ వాలినా తేడా వస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ యంత్రంతో కొలవాల్సింది ఒక లోహం ఎంత వేడికి కరుగుతుందో, దాన్ని లోకమంతా ఏనాడో కొలిచి పెట్టింది. తెలిసిన జవాబు మనిషిని తనవైపు లాగుతుంది. అందుకే అక్కడొక కట్టుబాటు ఉంది. తూకాల గదివాళ్ళు బరువుల మీద మూత పెట్టి, దాని కింద తమకు తోచినంత చిన్న బిళ్ళ దాచేవారు. కొలిచేవాళ్ళకి చెప్పరు. బిళ్ళ లెక్కలో చేరదు కనుక జవాబు అంత మేర తక్కువ వస్తుంది. పనంతా అయ్యాకే మూత తీసి, బిళ్ళని లెక్కలో కలుపుకుని, లోకం చెప్పినదానితో పోల్చుకోవాలి.

ఈసారి జవాబు సరిపోతే విభాగం దశాంశం చేతికే ఇస్తానని డైరెక్టరు మాటిచ్చాడు. మూత పెట్టింది తూకాల గదిలో పనిచేసే ఆవిడ బాబాయి. నాన్న పోయాక ఆవిడని పెంచింది ఆయనే. మూత సంగతి ఆయన్ని అడగడమంటే ఆయన ముఖం మీద ఉమ్మినట్టే. ఆవిడ ఎన్నడూ అడగలేదు.

అడగలేదు గానీ, చూసింది. ఒక మధ్యాహ్నం ఆయన మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి తూకాల గదికి వెళితే చిన్న బరువుల పెట్టె తెరిచి ఉంది. బిళ్ళలన్నీ వాటి గుంటల్లో ఉన్నాయి, ఐదు మిల్లీగ్రాములది తప్ప. ఆవిడ చటుక్కున తల తిప్పుకుంది. చూడలేదనుకుంటే చూడనట్టే కదా అని సరిపెట్టుకుంది.

తర్వాత నెలల తరబడి కొలిచింది. ఒకరోజు జవాబు కాస్త ఎక్కువొచ్చింది. మధ్యలో ఎవరో తలుపు తీశారని గుర్తొచ్చి ఆ కొలత పక్కన పెట్టింది. ఇంకోరోజు ఏసీ మొరాయించింది, అదీ పక్కకే. మరోరోజు పై అంతస్తులో బల్ల ఈడ్చారు. అన్నీ నిజాలే, ఒక్కటీ కల్పించలేదు. కాకపోతే జవాబు తక్కువొచ్చిన రోజుల్లో తలుపు ఎవరు తీశారో ఆవిడ ఎప్పుడూ ఆరా తీయలేదు.

మూత తీసే రోజు డైరెక్టరు కూడా వచ్చాడు. బాబాయి చేతికి తొడుగులు వేసుకుని మూత ఎత్తాడు. కింద ఏమీ లేదు.

దశాంశం వంగి బరువుల చుట్టూ వెతికింది. "బాబాయ్, ఐదు మిల్లీగ్రాముల బిళ్ళ ఎక్కడో జారిపడ్డట్టుంది, చూడు."

గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అననేలేదు, భుజాలు ఆవిడే తడుముకుంది. బాబాయి మూత పక్కన పెట్టాడు.

"నేనేమీ పెట్టలేదమ్మా. పెట్టకపోవడం కూడా కట్టుబాటులో ఉన్నదే. ఐదని నీకెవరు చెప్పారు?"

ఆ బిళ్ళ వంగిపోతే సరిచేయించడానికి బయటికి పంపానన్నాడు. మూత కింద ఏమీ లేనప్పుడు జవాబు లోకం చెప్పినదానితో నేరుగా కలవాలి. కలవలేదు. తేడా సరిగ్గా ఐదు మిల్లీగ్రాములంత. లేని బిళ్ళ కోసం ఇన్ని నెలలూ జవాబుని తగ్గించుకుంటూ వచ్చింది తన చేతులే.

పక్కన పెట్టిన కొలతలన్నీ గబగబా తెరమీదికి తెచ్చింది. ఒక్కొక్కటీ లోకం చెప్పినదానితో పోల్చింది. తలుపు తీసిన రోజు, ఏసీ ఆగిన రోజు, బల్ల ఈడ్చిన రోజు యంత్రం నిజమే చెప్పింది. డైరెక్టరు ఏమీ అనకుండా బయటికి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండుననిపించింది.

"నేను దొంగలెక్క వెయ్యలేదు బాబాయ్," అంది చివరికి.

"తెలుసు. వేసుంటే నాకింత భయం వేసేది కాదు."

పిస్టన్ ఇంకా తిరుగుతూనే ఉంది. ఆవిడ దానివైపు చూడలేకపోయింది. బాబాయి తొడుగులు విప్పి, మూలనున్న కెటిల్‌లో నీళ్ళు కాచి, రెండు కప్పుల్లో టీ పోశాడు. చక్కెర ఎంతని అలవాటుగా అడిగాడు.

"నువ్వే వెయ్యి," అంది. "నేను చెప్పింది నమ్మకు."