దుమ్ము లేపని కట్టర్

మాబున్ని మూడో టైల్సు కట్టర్ పిడిని కూడా అటూ ఇటూ ఊపి చూసింది. పట్టాల మీద అది గడగడలాడుతుంటే విసురుగా అవతలికి నెట్టేసింది. ప్రొద్దుటూరులో కొట్లు అప్పుడప్పుడే తెరుస్తున్నారు. కొట్టు యజమాని వెంకటరమణయ్య సెట్టి ఇంకా అగరొత్తయినా వెలిగించలేదు. పొద్దున్నే వచ్చిన ఈ మనిషి తన మీద ఎందుకు మండిపడుతోందో ఆయనకు అర్థం కాలేదు.

ఆమె కోపం ఆయన మీద కాదు. మెట్లెక్కలేక కింద అరుగు మీదే కూలబడి, భుజాలెగరేస్తూ గాలి పీల్చుకుంటున్న రహమతుల్లా మీద. వరసకు మామ, పెళ్లితో మొగుడు. పెళ్లయిన నాటి నుంచి అతడు బండలు పరుస్తాడు, ఆమె సిమెంటు కలిపి అందిస్తుంది. జమ్మలమడుగు ఇళ్లలో నాపబండలు పరిచినన్నాళ్లూ ఉలీ సుత్తీ ఉండేవి. తర్వాత టైల్సు వచ్చాయి, వాటి వెంట వాటిని కోసే కరెంటు మిషను వచ్చింది. మూసిన గదుల్లో అది గిర్రున తిరిగితే పిండిమరలో మాదిరి తెల్లటి పొడి కమ్ముకునేది. ఊపిరితిత్తుల్లో ఆ పొడి గట్టిపడిపోయిందని, ఇంక దుమ్ములోకి అడుగు పెట్టొద్దని కడప డాక్టరు చెప్పాడు. నోటికి గుడ్డ కట్టుకోమని ఆమె మొత్తుకున్నప్పుడల్లా అతడు నవ్వేవాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. తనూ ఏనాడూ గుడ్డ కట్టుకోలేదన్నది గుర్తొస్తే ఇంకా మండుతుంది.

పని మానెయ్యమంటే అతడు వినలేదు. ఊరికే కూర్చుంటే ఇంకా ముందే పోతానన్నాడు. అందుకే ఈ కట్టర్.

"దీంట్లో దుమ్ము లేస్తాదా లేదా? ముందు అది చెప్పు సెట్టీ."

"కోసేది గాదు గదమ్మా ఇది. గీత గీస్తాది, అంతే. ఆ గీతెమ్మటే టైలు విరుగుతాది," అన్నాడు ఆయన ఓపిగ్గా.

లోపలికి వెళ్లి ఇంకోటి మోసుకొచ్చాడు. అడుగున మందపాటి ఇనుప రేకు, పైన రెండు ఉక్కు పట్టాలు. బరువని వెనకాడొద్దని, తేలికవి పనిలో కదిలిపోతాయని చెప్పాడు. గీత గీసే చక్రాలు, చొక్కా గుండీలంతవి, డబ్బాలోంచి తీసి చూపించాడు. నున్నటి టైలుకు చిన్నది, గరుకు టైలుకు కొంచెం పెద్దది. మాబున్ని ఒక్కోదాన్నీ గోటితో తిప్పి చూసింది. వణికినవాటిని పక్కన పడేసింది. గీత ఒక్క తూరికే పడాలని, రెండో తూరి లాగితే ముక్క వంకర పోతుందని కింద నుంచి రహమతుల్లా ఆయాసపడుతూ చెప్పాడు.

సెట్టి పాత టైలొకటి పెట్టి చక్రం లాగాడు. కిర్రుమంది. పిడి నొక్కితే టక్కున రెండయింది. మాబున్ని ఆ అంచుకు ముఖం ఆనించి ఊదింది. ఏమీ లేవలేదు. బేరమాడకుండా కొనేసింది.

పులివెందుల బస్సులో దాన్ని ఒళ్లోనే పెట్టుకుంది. తాము టైల్సు పరుస్తున్న కొత్తింటి హాలు చేరేసరికి గది నిండా తెల్లటి మబ్బు. తోటి పనివాడు నయీం మిషను తిప్పుతున్నాడు. కంట్రాక్టరు సునీల్ ఆమె చేతిలోది చూసి, దీంతో ఎప్పటికయ్యేను, ఎల్లుండే గృహప్రవేశం గదా అని విసుక్కున్నాడు. మాబున్ని గోడ దగ్గరికి పోయి ప్లగ్గు పెరికేసింది.

"మీ అమ్మ పండుకునే గదిలో తిప్పు పో ఈ మిషను, సునీలప్పా. ఈయన ఉండే గదిలో తిరిగిందంటే వైరు తెంచి నీ చేతిలో పెడతా."

నయీం తల వంచుకుని వైరు చుట్టాడు. రేపటి నుంచి మీరిద్దరూ రావద్దంటూ సునీల్ మిషనును పెరట్లోకి పెట్టించాడు. వాకిళ్లు తెరిచి, నేల తడిపి, దుమ్మంతా అణిగాకే ఆమె మొగుణ్ణి లోపలికి రానిచ్చింది.

రహమతుల్లా గోడకు ఆనుకుని కూర్చుని చక్రం లాగాడు. కిర్రు, టక్. తెగిన అంచు మీద వేలు పోనిచ్చి చూసుకున్నాడు. పని చేస్తూ ఒకరి మాట ఒకరికి వినబడడం ఇద్దరికీ కొత్తగా ఉంది.

"ఇంత సులువుగుండాది. ముందే తెచ్చుకొనుంటే బాగుండు," అన్నాడు నవ్వుతూ.

"నవ్వబాకు మామా. నీ నవ్వు జూస్తే నాకు శానా కోపమొస్తాది."

అతడు నవ్వుతూనే ఉన్నాడు. ఆమె లేచిపోయి వీధి చివర నుంచి టీ తెచ్చింది. గ్లాసు అతని పక్కన పెట్టి, సిమెంటుకు నీళ్ల కోసం పెరట్లోకి పోయింది.

తిరిగొచ్చేసరికి అతని చెయ్యి పిడి మీద ఉంది, తల గుండెల మీదికి వాలి ఉంది. పని మధ్యలో నిద్రేందని కసిరింది. భుజం పట్టి ఊపింది. బిందె చేతిలోంచి జారింది. నయీం పరిగెత్తుకొచ్చాడు, గుండెకు చెవి ఆనించి, మెల్లగా తన తల పైకెత్తి అడ్డంగా ఊపాడు. సునీల్ తన కారు వాకిట్లోకి తెచ్చి, తొందరగా ఎక్కించమన్నాడు.

"తొందర నీకు ఇప్పుడు గూడానా?" అంది మాబున్ని. గొంతు పైకి లేవలేదు. సునీల్ ఆమె ముఖం చూడలేక కారు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

ముగ్గురూ కలిసి మోసుకెళ్లారు. హాల్లో ఎవరూ లేరు. ఇన్నేళ్లలో పని దగ్గర అతడు తాగిన ప్రతి టీ మీదా తెల్లటి దుమ్ము ఇంత తేలేది. వేలితో పక్కకు తీసి తాగేవాడు. ఈ గ్లాసులో ఒక్క నలుసు లేదు. నిండుగా, ఎర్రగా, ముట్టుకోకుండా ఉంది.