మూడు చుట్ల తర్వాతే తాళం

నేను ఒక నూరు సీసీ మోటార్ సైకిల్‌ని. నలుపు రంగు. పెట్రోలు ట్యాంకు మీద ఒకప్పుడు రెండు ఎర్ర గీతలుండేవి, ఇప్పుడు ఒకటిన్నర మిగిలింది. ఎక్కడో ఉత్తరాన ఒక ఫ్యాక్టరీలో తయారై, నాలాంటి బండ్లతో కలిసి లారీలో మెట్‌పల్లి షోరూముకు వచ్చాను. బలం తక్కువ, ఎత్తూ తక్కువ. నా మీద కూర్చుంటే పొట్టివాళ్లకు కూడా రెండు పాదాలు నేలకు ఆనుతాయి. నాలో మెచ్చుకోదగ్గది అదేనని తెలియడానికి నాకు కొన్నేళ్లు పట్టింది.

నన్ను కొన్నది నర్సు ప్రమీల. ఆ రోజు ఆమె భర్త నరహరి సారు కూడా వచ్చాడు. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి. షోరూము మేనేజరు తాళం ఆయనకివ్వబోతే, "ఆమెకియ్యి. నేను ఎనుక కూసుంటా" అన్నాడు. ఇరవై ఒక్క ఏళ్లు ఆ మాట మీదే ఉన్నాడు.

ఊళ్లో నవ్వుకున్నారు. "సారుకు మంచి డ్రైవరు దొరికింది" అని టీ హోటల్లో ఎవరో అంటే, "దొరికింది గని, తిట్లు గూడ డ్రైవరే పెడుతది" అని సారు తాపీగా టీ తాగాడు. ఇద్దరూ పోయేది ఒకే చోటికైనా, ముందు ఎవరు కూర్చున్నారన్నదే మనుషులకు పట్టింపు.

బండి గురించి సారుకు తెలిసింది ఒక్కటే. నన్ను కొన్న కొత్తలో ప్రమీల సైడ్ స్టాండు తీయకుండా బయల్దేరి, మలుపులో పడి మోచేయి గీసుకుంది. అప్పటినుంచి రోజూ పొద్దున ఆమె డ్యూటీకి పోయేటప్పుడు గేటు దగ్గర నిలబడి, "సైడ్ స్టాండు తీసినవా?" అని అడిగేవాడు. "తీసిన సారూ" అనేది ఆమె. మళ్లీ ఎన్నడూ మరిచిపోలేదు. ఆయన అడగడమూ మానలేదు.

ఆదివారాలు నాకు బడి మైదానంలో పని. అంగన్‌వాడీ టీచర్లకు, తోటి నర్సులకు ప్రమీల బండి నేర్పేది. ఆమె పద్ధతి ఆమెది. మొదటి ఆదివారం తాళం ఇవ్వదు. నన్ను చేతులతో తోసుకుంటూ మైదానం చుట్టూ మూడు చుట్లు తిరగాలి. "ముందు దీని బరువు నీ చేతులకు తెల్వాలె. తాళం తర్వాత" అనేది. క్లచ్ వదలడం ఎట్లాగంటే, పురుళ్లు పోసిన మనిషి కదా, "నిద్రవోయిన పిల్ల తల కింది నుంచి చెయ్యి తీస్తవు సూడు, గట్ల ఇడువాలె" అని చెప్పేది. సారు బడి మెట్ల మీద కూర్చుని పేపర్లు దిద్దుకునేవాడు. ఆ మాటలు వింటున్నాడని నేననుకోలేదు.

అట్లా పదకొండు మంది నా మీద నేర్చుకున్నారు. నా ఫుట్‌రెస్టు వంకర ఒకరిది, సైలెన్సరు మీద సొట్ట మరొకరిది. పడేసినవాళ్లే తర్వాత నన్ను దాటి సొంత బండ్ల మీద పోతూ హారన్ కొట్టేవారు. ఆ సొట్టల్లో ఒక్కటీ నాకు బరువు కాలేదు.

పోయిన మాఘంలో ప్రమీల చనిపోయింది. చివరి వారాల్లో, నేను కనబడేటట్టు వరండాలో మంచం వేయించుకుంది. "నీకెట్లాగూ రాదు. దీన్ని నేర్చుకునేటోళ్లకే ఇయ్యి సారూ. ముక్కలు ముక్కలుగ ఇప్పి అమ్ముకునేటోళ్లకు ఇయ్యకు" అంది. సారు తల ఊపాడు.

ఎనిమిది నెలలు రోజూ నన్ను తుడిచాడు. టైర్లలో గాలి తగ్గితే పంపుతో కొట్టాడు. చివరికొక రోజు అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో రాసి గేటుకు కట్టాడు: 'బండి అమ్మబడును. నడపడం రానివారికి మాత్రమే.'

"ఈత రానోళ్లకే బాయి అమ్ముతున్నట్టుంది సారూ" అని పక్కింటాయన నవ్వాడు. సారు అట్ట విప్పలేదు.

మొదట వచ్చినవాడు లింబాద్రి. పాత బండ్లు కొని, విప్పి, ముక్కలుగా అమ్మే వ్యాపారం. ఆ సంగతి సారుకు తెలియదు. "నాకు సైకిలు గూడ సక్కగ రాదు సారూ" అన్నాడు. సారు అతన్ని మైదానానికి తీసుకుపోయి మూడు చుట్లు తోయమన్నాడు. లింబాద్రి ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూనే, కిందికి చూడకుండా మడమతో నా స్టాండు లేపి, ఒంటి చేత్తో తోసుకుపోయాడు. నాకు అప్పుడే అర్థమైంది. చెప్పడానికి నాకు నోరు లేదు.

ఒక చుట్టు కాగానే సారు ఆపాడు.

"ఎన్ని బండ్లు నడిపినవ్ ఇప్పటిదాక?"

"ఒక్కటి గూడ లే సారూ."

"మరి స్టాండు దిక్కు సూడకుండనే తీసినవ్. నేర్చుకునేటోళ్లు ఒంగి సూస్తరు. పదకొండు మందిని సూసిన, ఈ మెట్ల మీద కూసోని."

లింబాద్రి తల గోక్కున్నాడు. "మీ లెక్కల పీరియడ్ల గూడ గిట్లనే దొరికేటోన్ని సారూ." పోతూ పోతూ అన్నాడు: "పోస్టాఫీసుల కొత్తగ జేరిన పిల్ల ఒకామె ఇసొంటి చిన్న బండే ఎతుకుతున్నది. అసలే రాదు ఆమెకు. పంపిస్త."

ఆ పిల్ల పేరు స్వరూప. మరుసటి ఆదివారమే వచ్చింది. ఆమెకు మూడు ఊళ్ల ఉత్తరాలు పంచే పని. ఆ దారిన బస్సు లేదు. "రోజూ నడిచే పోతున్న సార్. చీకటి పడ్డా ఆఖరి ఊరు ముడుతలేదు. రెండు నెలల్ల బండి రాకపోతే ఈ నౌకరీ ఇడిసిపెట్టుడే."

మైదానంలో ఆమె ఒంగి, స్టాండు ఎక్కడుందో వెతికి, రెండు చేతులతో లాగింది. రెండో చుట్టులో నన్ను కింద పడేసింది.

"అయ్యో సార్, అద్దం పల్గింది."

"పల్గనియ్యి. ఇంకా చుట్టున్నర ఉన్నది."

మూడు చుట్లయ్యాక సారు ఆమె చేతిలో తాళం పెట్టాడు. స్వరూప తాళాన్నీ ఆయన్నీ చూసింది. "నేర్పేదెవరు సార్? మీకు రాదంటున్నరు గద?"

సారు నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "ఎడమ చేతి కింద క్లచ్ ఉంటది. మొత్తం పట్టు. ఇప్పుడు మెల్లగ... నిద్రవోయిన పిల్ల..." అక్కడ ఆగి నా హ్యాండిల్ పట్టుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "నిద్రవోయిన పిల్ల తల కింది నుంచి చెయ్యి తీస్తవు సూడు. గట్ల ఇడువాలె."

నడపడం రాని మనిషి నేర్పుతుంటే, నడపడం రాని మనిషి నేర్చుకుంది. ఇంత విచిత్రం నేనెక్కడా చూడలేదు. కానీ ఒక్క మాట తప్పు పోలేదు. ఎనిమిది నెలల తర్వాత నేను నా ఇంజను బలం మీద పది అడుగులు కదిలాను.

ఆరు ఆదివారాలు పట్టింది. లైసెన్సు చేతికొచ్చిన మర్నాడు పొద్దున్నే స్వరూప నన్ను తీసుకుపోవడానికి వచ్చింది. సారు నాకు కొత్త అద్దం పెట్టించాడు. సీటంతా తుడిచి, వెనక భాగం రెండోసారి తుడిచాడు. సారు కూర్చునే చోట ఆమె ఉత్తరాల సంచి కట్టుకుంది. కిక్కు కొట్టి, గేరు వేయబోయింది.

"సైడ్ స్టాండు తీసినవా?"

స్వరూప ఒంగి చూసింది. తీయలేదు.

ఇరవై ఒక్క ఏళ్లు రోజూ అడిగిన ప్రశ్న నిజంగా అవసరపడింది ఆ పూటే. సారు గేటు పట్టుకుని నిలబడ్డాడు. వీధి మలుపు దాకా కొత్త అద్దంలో కనిపించాడు.

ఇప్పుడు నేను మూడు ఊళ్లు తిరుగుతున్నాను. వెలుగుండగానే ఆఖరి ఊరు చేరుతున్నాం. నా ఇంజను ఇక ఎంతకాలమో తెలియదు. నేర్చుకునే చేతులకే దక్కినందుకు ఆ ఇంటికి రుణపడి ఉన్నాను. ప్రతి గడప ముందు ఉత్తరమిచ్చి వచ్చి, స్వరూప ఒంగి, స్టాండు లేపుతుంది. అక్కడ గేటు లేదు, అడిగేవారు లేరు. అయినా కదిలే ముందు చిన్నగా అంటుంది:

"తీసిన సారూ."