అద్దానికి రాదు

కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఖనిజం లారీని దాటుతుండగా, దాని చక్రం కింద నలిగిన రాయి పక్కకి చిట్లి కారు ఎడమ వెనక అద్దానికి తగిలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. అద్దం ఒక్క క్షణం అలాగే నిలబడి, పాలు పోసినట్టు తెల్లగా అయిపోయి, మరుక్షణం మొత్తం జారిపోయింది. వెనక సీట్లో కూర్చున్న హిమబిందు ఒడిలో కల్లుప్పు కుమ్మరించినట్టు అద్దం పలుకులు.

డ్రైవరు గురునాథరావు బండి పక్కకి తీశాడు. టైము పదకొండు నలభై. పన్నెండున్నరకల్లా ఆ అమ్మాయి మధురవాడ ఆఫీసులో లాగిన్ అవ్వాలి. అరగంట ఆలస్యమైతే ఆ ట్రిప్పుకి కంపెనీ డబ్బివ్వదు. అతను మెడలో తువ్వాలు తీసి సీటు దులిపాడు. ఆమె మణికట్టు దగ్గర గోరుతో గీరినంత ఎర్రటి గీత ఉంది. ఆస్పత్రికి పోదామా అని అడిగాడు. పర్లేదన్నా, పోనివ్వండి అని ఆమె కుడివైపుకి జరిగి, చున్నీ చెవుల మీదుగా కప్పుకుంది. దారంతా గాలి హోరు.

అద్దం లేని బండితోనే ఇంకా రెండు డ్రాపులు చేశాడు. ఎక్కిన వాళ్ళంతా ఏమైందని అడిగారు. అందరికీ ఒకే మాట చెప్పాడు. మూడోసారి చెప్పేటప్పటికి అది ఎవరి బండికో జరిగినట్టుంది.

కొమ్మాదిలో రేకుల షెడ్డు, పక్కన చిన్న గది, అదే ఆఫీసు. ఓనరు సీతారామాంజనేయులు. స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో వాళ్ళ నాన్న గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చాడు. కొడుకు రెండు కార్లతో మొదలుపెట్టి పదకొండు చేశాడు. డ్రైవర్ల మీద అరవడు. దసరాకి బండ్లన్నిటికీ పూజ చేయించి, ఒక్కొక్కడికీ ప్యాంటు గుడ్డ, చొక్కా గుడ్డ పెడతాడు. డ్రైవరు ఇంట్లో చావైతే ముందుగా వచ్చి కూర్చునేది అతనే. అందుకని అతని మాటకి ఎదురు చెప్పాలనే ఆలోచన ఆ షెడ్డులో ఎవరికీ రాదు.

అతను బండి చుట్టూ తిరిగి, సెల్లుతో నాలుగు ఫొటోలు తీశాడు. తలుపు తెరిచి లోపల చెయ్యి పెట్టి చూసి, అద్దం ఒక్కటే కాదు, దాన్ని పైకీ కిందకీ లాగే మోటారు కూడా పోయిందన్నాడు. రబ్బరు, కూలీ కలిపి ఆరు వేల తొమ్మిదొందలు.

“ఏం చేస్తాంరా గురూ. అద్దానికీ టైరుకీ ఇన్సూరెన్సు రాదు కదా. నెలకి రెండు వేల మూడొందలు చొప్పున మూడు నెలలు కోసుకుంటాలే. ఒకేసారి కొయ్యను.”

అద్దానికి రాదన్న సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. కొత్తగా చేరినవాడికి పాతవాడు చెబుతాడు, వాడు ఆ తర్వాత వచ్చినవాడికి. మనిషి పోతేనే ఇన్సూరెన్సు, అద్దం పోతే కాదు. గురునాథరావుకి అందులో వింతేమీ కనపడలేదు. వాళ్ళది చీపురుపల్లి దగ్గర పల్లె. వాళ్ళ నాన్న పెద్దరైతు ఇంట్లో కంబారిగా, ఏడాదికింత అని గింజలకి కుదిరిన పాలేరుగా ఉండేవాడు. నాగలి కర్రు విరిగినా, కాడి పగిలినా, ఏడాది చివర కొలిచే గింజల్లో కుంచాలు తగ్గేవి. రాయికి తగిలి విరిగిందా, పుచ్చి విరిగిందా అని అడిగే అలవాటు ఊళ్ళో లేదు. ఎవరి చేతిలో ఉండగా విరిగితే వాడిది. అతని లెక్కలో కారు స్టీరింగు కూడా నాగలి పట్టుకునే మేడి లాంటిదే.

మర్నాడు పొద్దున్న తోలు సంచీ పట్టుకుని ఒక పెద్దాయన వచ్చాడు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, తలుపు సందుల్లో పలుకులు చూసి, ఇంజను దగ్గరున్న నంబరు రాసుకుని, చాలాసేపు ఫొటోలు తీశాడు. అద్దాల కొట్టు నుంచి కొలతలకి వచ్చాడనుకున్నాడు గురునాథరావు. టీ తెప్పించి ఇచ్చాడు. షెడ్డులో ఎవరూ లేకుండా చూసి, పక్కకి వెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

“సార్, నా జీతంలోంచే పోద్ది. కాస్త తక్కువకి సూడండి సార్.”

పెద్దాయన అతని వంక వింతగా చూశాడు. తక్కువెందుకయ్యా, అద్దానికి తరుగు కట్టరు, రబ్బరుకీ ప్లాస్టిక్కుకీ అయితే సగమే వస్తుంది అన్నాడు. ఏ ఊరు బేరమో అది, గురునాథరావుకి అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపాడు.

అతని జీతం పదిహేను వేలు. కోత పోను పన్నెండు వేల ఏడొందలు. ఇంటద్దె నాలుగున్నర వేలు. భార్య సూర్యకళ ఐటీ కొండ మీద ఒక ఆఫీసులో తుడిచే పని చేస్తుంది. పొద్దున్న ఆరుకి ఎక్కితే రెండింటికి దిగుతుంది. కోత మొదలైన నెల నుంచి ఆమె షేర్ ఆటో మానేసింది. పోనూ రానూ నలభై రూపాయలు. నాలుగు కిలోమీటర్లు, అందులో సగం ఎత్తు.

“నడిసెల్తే ఏటైపోద్ది. అందరూ ఆటోల్లోనే పుట్టేరేటి” అంది.

మొదటి నెల కాళ్ళకి కొబ్బరి నూనె రాసుకుంది. రెండో నెల రాసుకోవడం మానేసింది. చెప్పులు అరిగితే ఒకసారి కుట్టించింది. మూడు నెలలు గడిచి జీతం మళ్ళీ పదిహేనైంది గానీ ఆమె ఆటో ఎక్కలేదు. ఆ నలభై రూపాయలు అప్పటికే కూతురు ట్యూషన్‌లో కలిసిపోయాయి. ఆటో మాట ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు.

కొత్త అద్దం బిగించాక కూడా పాత పలుకులు సీటు కుట్ల సందుల్లోంచి, తలుపు గాడిలోంచి వస్తూనే ఉన్నాయి. బండి కడిగినప్పుడల్లా రెండు మూడు దొరికేవి. ఏరి బయట పారేసేవాడు.

వానలు ముదిరిన రోజుల్లో సాయిశంకర్ బండికి దెబ్బ తగిలింది. అతను షెడ్డులో చేరి ఐదు నెలలైంది. డిగ్రీ తప్పాడు, నోరు జాస్తి, గురునాథరావుని బావ అని పిలుస్తాడు. పూర్ణా మార్కెట్ దగ్గర ఇరుకులో నిలిపి ఉంటే, ఉల్లిపాయల బస్తాలు దింపి వెనక్కి తిరుగుతున్న తోపుడుబండి ఇనపకమ్మి కుడివైపు అద్దంలోకి దిగింది. తోపుడుబండి మనిషి దండం పెట్టి, జేబులో ఉన్న నూట పది రూపాయలు చూపించాడట. సాయిశంకర్ తీసుకోకుండా వచ్చేశాడు. ఓనరు ఫొటోలు తీశాడు. షెడ్డులో మాట మళ్ళీ అదే, అద్దానికి రాదు.

తోలు సంచీ పెద్దాయన మళ్ళీ వచ్చాడు. ఆ టైముకి సాయిశంకర్ భోజనానికి పోయాడు, ఓనరు ఫోనులో ఉన్నాడు. గురునాథరావు టీ పట్టుకొచ్చాడు. ఈసారి అతనికి ఒక ఆలోచన వచ్చింది. ఓనరు ద్వారా కాకుండా నేరుగా కొట్టుకి పోతే కుర్రాడికి వెయ్యి రూపాయలైనా మిగులుతాయి.

“సార్, మీ కొట్టు ఎక్కడండి?”

“కొట్టేమిటి?”

“అద్దాల కొట్టండి.”

పెద్దాయన నవ్వాడు. కళ్ళజోడు సర్దుకుని అతన్ని గుర్తుపట్టాడు. తన పేరు అచ్యుతరామయ్య అని, ఇన్సూరెన్సు కంపెనీ తరఫున దెబ్బ తిన్న బండ్లు చూసి రిపోర్టు రాస్తానని చెప్పాడు. ఎదుటివాళ్ళకి దెబ్బ తగిలితే ఇచ్చేది ఒక రకం పాలసీ, మన బండికి తగిలినా ఇచ్చేది ఇంకో రకం, మీ బండ్లన్నీ రెండో రకమే అన్నాడు. అద్దం పగిలితే మొదటి కొంచెం ఓనరు పెట్టుకోవాలి, మిగతాది కంపెనీ ఇస్తుంది. రిపేరు చెయ్యకముందే తనకి చూపించాలి, అంతే.

“పోయినసారి నీ బండికి వచ్చాయి కదయ్యా. ఆరు వేలకి దగ్గర్లోనే రాశాను. మీ ఓనరు నీకు చెప్పలేదా?”

గురునాథరావు చెప్పారండి అన్నాడు. ఎందుకలా అన్నాడో అతనికే తెలియదు. ఖాళీ గ్లాసు తీసుకుని టీ కొట్టు దాకా నడిచి, ఇచ్చి, అక్కడే కాసేపు నిలబడ్డాడు. కోపం వస్తుందేమోనని చూశాడు. రాలేదు. ఎండలో చాలాసేపు నిలబడ్డ మనిషికి నీళ్ళు తాగాలనిపించకుండా పోయినట్టుంది. కొండ ఎత్తు మాత్రం గుర్తొచ్చింది. సూర్యకళ దాన్ని తొంభై రోజులు ఎక్కి దిగింది. ఆ తర్వాతివి అతను లెక్క పెట్టలేదు.

ఒంటిగంటన్నరకి ఓనరు గదిలోకి పిలిచాడు. సాయిశంకర్ అప్పటికే కుర్చీలో ఉన్నాడు. బల్ల మీద ఒక కాగితం, పెన్ను. నా అజాగ్రత్త వల్ల అద్దం పగిలినది, ఖర్చు నా జీతంలో మినహాయించుకొనుటకు నా పూర్తి అంగీకారము అని ఓనరు గుండ్రటి దస్తూరీతో రాసి ఉంది. అలాంటి కాగితం మీద గురునాథరావు ఏప్రిల్లో సంతకం చేశాడు. చదివినట్టు గుర్తు లేదు.

సాయిశంకర్ పెన్ను ముట్టుకోలేదు. అద్దానికి వస్తుందని ఎవరో చెప్పారంటాడు. ఎవరని అడిగితే, తన ఊళ్ళో ట్రాక్టరున్న ఒకాయన అంటాడు.

“ట్రాక్టరు వేరు, ట్యాక్సీ వేరు” అన్నాడు సీతారామాంజనేయులు ఓపిగ్గా. తర్వాత గురునాథరావు వైపు తిరిగాడు. “నువ్వు చెప్పరా. తొమ్మిదేళ్ళ నుంచి ఉన్నావు, నీకూ కోశాను. నువ్వు చెబితే నమ్ముతాడు.”

అని, గొంతు కొంచెం తగ్గించి, దసరాకి వస్తున్న కొత్త బండి నీకే అనుకుంటున్నాను అన్నాడు. అది అబద్ధం కాదు. నిజంగానే ఇచ్చేవాడు.

సాయిశంకర్ తల తిప్పాడు. “నువ్వు సెప్పు బావ. నువ్వంటే సంతకం ఎట్టెత్తాను.”

గది మీది రేకులపై వాన చినుకులు మొదలయ్యాయి. చెప్పాల్సింది ఒక్క ముక్క. ఇంతకు ముందు చాలామందికి చెప్పాడు. చెబుతున్నది అబద్ధమని అప్పుడు తెలియదు, అంతే తేడా. చెప్పకపోతే కొత్త బండి లేదు, పాత బండి కూడా ఉండకపోవచ్చు. నలభై నాలుగేళ్ళవాడికి ఈ ఊళ్ళో ఇంకో షెడ్డు దొరకాలంటే ఎన్నాళ్ళు పడుతుందో అతనికి తెలుసు. చెబితే ఆ కుర్రాడి జీతంలో మూడు నెలలు కోత. అతని ఇంట్లోనూ ఎవరో ఒకరు ఆటో ఎక్కడం మానేస్తారు.

“రాదని నాను సెప్పనండి” అన్నాడు.

సీతారామాంజనేయులు అర్థం కానట్టు చూశాడు. “అంటే?”

“ఒచ్చినాయన కొట్టాయన కాదు గదండి. ఇన్సూరెన్సాయన. నా బండికి ఒచ్చిందని సెప్పేడు.”

ఓనరు మొహం ఎర్రబడింది గానీ గొంతు లేవలేదు. క్లెయిమ్ చేస్తే, చెయ్యని ఏడాదికి కంపెనీ తగ్గించే బోనస్ పోతుందని, మరుసటి ఏడు ప్రీమియం పెరుగుతుందని, ఆ డబ్బు ఎవరు ఇస్తారని, పదకొండు బండ్ల కిస్తీలు ఎవరు కడుతున్నారని అడిగాడు. అందులో కొంత నిజమేనని గురునాథరావుకి అనిపించింది. ఎంత నిజమో తేల్చుకునే చదువు తనకి లేదు.

“అయ్యన్నీ నాకు తెల్దండి. మీరు సెప్పుకోండి. నాను మటుకు సెప్పను.”

“మీ అమ్మ పోయినప్పుడు కర్చులకి ఎవడిచ్చాడ్రా?”

“మీరే ఇచ్చేరండి.”

సాయిశంకర్ కాగితం వంకే చూస్తున్నాడు. పెన్ను అతని వేళ్ళకి అంగుళం దూరంలో ఉంది.

“తాళం అక్కడ పెట్టి ఇంటికెళ్ళు” అన్నాడు సీతారామాంజనేయులు. “రెండున్నర పికప్‌కి ఇంకొకణ్ణి పంపుతాను. తర్వాత కబురు చేస్తాను.”

గురునాథరావు జేబులోంచి తాళం తీసి కాగితం పక్కన పెట్టాడు. తాళంతోపాటు ఒక అద్దం పలుకు కూడా వచ్చి బల్ల మీద పడింది. దాన్ని వేలితో తుడిచి కింద పడేసి బయటికి వచ్చాడు. వెనక సాయిశంకర్ కుర్చీ కదిలిన చప్పుడు వినపడలేదు. సంతకం చేస్తున్నాడో, కూర్చునే ఉన్నాడో తెలియదు. తిరిగి చూడలేదు.

వాన సన్నగా పడుతోంది. తొమ్మిదేళ్ళలో పట్టపగలు ఆ రోడ్డు మీద నడిచి ఎరగడు. అద్దంలోంచి చూసినప్పుడు దగ్గరగా ఉండేవన్నీ ఇప్పుడు దూరంగా ఉన్నాయి. చెయ్యి ఊరికే జేబులోకి పోయి, తాళం కోసం వెతికి, ఖాళీగా బయటికి వచ్చింది. షేర్ ఆటో ఒకటి పక్కన ఆగి, ఎక్కుతావా అన్నట్టు హారన్ కొట్టింది. తల అడ్డంగా ఊపాడు.

కొండ మీంచి వచ్చే రోడ్డు కలిసే మలుపు దగ్గర, ముందు ఒక ఆడమనిషి పోతోంది. నీలం రంగు పని కోటు, నెత్తి మీద ప్లాస్టిక్ కవరు, చేతిలో అన్నం డబ్బా. కుట్టించిన చెప్పు తడిసి, అడుగు వేసినప్పుడల్లా టపటపమంటోంది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తోంది. సూర్యకళ అలా నడుస్తుందని అతనికి ఇంతవరకూ తెలియదు.

పిలవాలనుకున్నాడు. పిలిస్తే ఈ వేళప్పుడు ఇక్కడేటి అని అడుగుతుంది.

జేబులో ఫోను మోగింది. తీసి చూస్తే సాయిశంకర్. మోగి మోగి ఆగింది. అతను పది అడుగుల వెనక, ఆమె నడకకి సరిపోయేలా తన అడుగు తగ్గించుకుని నడుస్తూ పోయాడు. ఫోను మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. ముందు నడుస్తున్న ఆమె ఆ చప్పుడుకి ఆగి, వెనక్కి తిరగబోయింది.