సాంబారు గరిటె, నూకరత్నం జీతం

నేను ఒక సాంబారు గరిటెను. తుని దగ్గర ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో నా ఉద్యోగం. కాడ మీద కాలేజీ పేరు చెక్కించుకుని వచ్చిన మొదటి రోజే నేను పర్మినెంటు అయిపోయాను. నన్ను పట్టుకునే వంటమనిషి నూకరత్నం మాత్రం ఏళ్ల తరబడి టెంపరరీ. సాంబారు కాచేది ఆమె, ఉద్యోగ భద్రత నాకు! మనుషుల లెక్కలు అలాగే ఉంటాయి.

రోజుకూలీ కాబట్టి, రేపు పనిలోకి రావాలో వద్దో మెస్ మేనేజరు కృపానందం గారే చెప్పాలి. అందుకే ఆయన కంచం చాపితే నూకరత్నం నన్ను గిన్నె అడుగు దాకా ముంచేది. ములక్కాడలు, గుమ్మడి ముక్కలు మోయలేక నా నడుం పడిపోయేది. పిల్లల వంతు వచ్చేసరికి పైపైన ఈత కొట్టేదాన్ని. వాళ్లు ఆ సాంబారులో ముఖం చూసుకుని క్రాఫు దువ్వుకునేవారు.

యాజమాన్యానికి ఏం బుద్ధి పుట్టిందో, కిందటి జూన్‌లో ఆమెను పర్మినెంటు చేసేసింది. వంటింట్లో లడ్లు పంచుకున్నారు. నెలాఖరున జీతం చేతికొస్తే, మునుపటికన్నా తక్కువ! పీఎఫ్ కోత, యూనిఫారం కోత. పండగ విందులు వండితే ఇదివరకు అదనపు కూలీ వచ్చేది, ఇప్పుడు అదీ డ్యూటీలోకే వచ్చింది. ఆదివారం పెళ్లి వంటలకు వెళ్లొద్దని మేనేజరు గారి హుకుం. ఏడాది తిరిగితే జీతం పెరుగుతుందట. కూతురి నర్సింగు ఫీజు అంతవరకు ఆగదు. ఆమె కొంగుతో కళ్లొత్తుకుంటుంటే నా కడుపు తరుక్కుపోయింది. అసలు నాకున్నదే కడుపు.

మర్నాడు మధ్యాహ్నం వడ్డిస్తూనే అడిగేసింది.

"పర్మినెంటంటే జీతం పెరగాల గానీ తగ్గిపోడమేటండి సారూ? నన్ను మళ్లీ రోజుకూలీలో ఏసెయ్యండి."

"రాసిచ్చెయ్, ఇవాళే వేసేస్తా," అంటూ ఆయన సంబరంగా కంచం చాపారు.

దిగులుతో ఆమె చేతిలో సత్తువ లేదు. నేను పైపైనే మునిగి లేచాను. కంచంలో పడ్డది ఉత్త పులుసు నీళ్లు.

"ముక్కలేవీ?" కృపానందం గారు గర్జించారు. "ఇలాగైతే రేపట్నుంచి పనిలోకి రావొద్దు!"

పాత అలవాటు కొద్దీ అనేశారు, పాపం. నూకరత్నం ఆయన్ని ఎగాదిగా చూసింది.

"అలా అనడం ఇప్పుడు మీవల్లవుద్దా సారూ?"

"ఇప్పుడు... కాదులే," అని ఆయన గొణిగారు. "రోజుకూలీలో వేశాక అవుతుంది."

"అయితే నన్ను ఉన్నచోటే ఉంచండి. ఆదివారం మాత్రం పెళ్లి వంటకెళ్తన్నాను. నా సెలవు రోజున నేనెవరికి వండితే మీకేటండి?"

కృపానందం గారు ఆ నీళ్ల సాంబారే అన్నంలో కలుపుకున్నారు.