నీళ్లు రాయని ఎస్టిమేటు

సంగటి తినొస్తానని పోయిన గురవయ్య ఇంకా రాలేదు. సుబ్బయ్య తోట బావికి పది అడుగుల దూరంలో ఖాళీ కడవ పెట్టుకుని యోబు మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి ఉన్నాడు. మాలపేట వాళ్లు ఆ బావిలో చేద వేయకూడదు. మూడు తరాలుగా చర్చికి పోతున్నా ఆ కట్టుబాటు మారలేదు. పాలేరు గురవయ్య తోడి పోస్తే పట్టుకోవాలి. ఆయన వచ్చేదాకా నిలబడాలి.

యోబు నంద్యాల చుట్టుపక్కల పేరున్న మేస్త్రీ. గోడ ఎత్తు చెప్తే ఎన్ని ఇటుకలు పడతాయో నోటితోనే చెప్పేస్తాడు. పది ఇటుకలు మిగిలినా సిగ్గుపడే మనిషి. అంతటి లెక్కగాడు నీళ్లు మోయడం మాత్రం ఇదే మొదలు. నిన్న ఇదే దారిలో ఆడకూలి సలోమి ఎండదెబ్బ తగిలి కడవతో సహా పడిపోయింది. నీళ్లు మోసే ఇద్దరిలో అతని భార్య లూదియా ఒక్కతే మిగిలింది.

సుబ్బయ్య కట్టిస్తున్న ఇంటిని యోబు కూలి గుత్తకు, అంటే పనంతటికీ కలిపి ఇంత కూలి అని, ఒప్పుకున్నాడు. అప్పుడు చెప్పిన లెక్కలో మేస్త్రీకి రోజుకు పదిహేను, ఆడకూలికి ఐదు రూపాయలు ఉన్నాయి. నీళ్లకు ఏమీ లేదు. ఏ మేస్త్రీ రాయడు. పనికి ముందు గంట, పని దిగాక గంట ఆడవాళ్లు తెచ్చి పోసే నీళ్లు ఊరికే వచ్చే నీళ్లు! అప్పుడు ఇంటి వెనకే కాలువ పారేది. ఉగాది తర్వాత కాలువకు నీళ్లు ఆపేశారు. ఇప్పుడు రెండు చేల అవతలి ఈ బావి నుంచి మధ్యాహ్నం కూడా తేవాలి. కూలి మాత్రం ఆ ఐదే.

గురవయ్య మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏందప్పా మేస్త్రీ, నువ్వొచ్చినావే? మీ ఆడోళ్లు రోజూ ఇట్లనే నిలబడతారులే."

యోబు కడవ ముందుకు జరిపాడు. అతనికి సిగ్గేసింది.

ఇంటి దగ్గర కడవ దించేసరికి సుబ్బయ్య మోటారు సైకిలు వచ్చి ఆగింది. "లే యోబూ, ఆళ్లగడ్డలో మా అల్లుడు నాలుగంగళ్లు కట్టిస్తాండాడు. రెండు నెల్ల పని. కూలి గుత్త ఎంతో చెప్పు. ఆకు వక్క తెచ్చినా." ఆకు వక్క అందుకుంటే మాట ఖాయమైనట్టే.

యోబు సిమెంటు సంచి కాగితం చింపి లెక్క వేశాడు. పదకొండు వేలు. కింద ఇంకో వరస రాశాడు. "నీళ్లకు ఆరునూర్లు సామీ. ఇద్దరాడోళ్లు, అరవై దినాలు."

సుబ్బయ్య పగలబడి నవ్వాడు. "నీళ్లకు దుడ్లేందిరా? రేపు గాలికి గూడా అడుగుతావేమో! మేస్త్రీ మద్దిలేటి పదకొండు వేలకే వస్తానంటాండాడు, నీళ్లు గీళ్లు అనకుండా."

ఈ ఇల్లు ఇంకో వారంలో అయిపోతుంది. ఆ తర్వాత వానలు పడేదాకా యోబుకు ఎక్కడా పని లేదు. కింది వరస మీద పెన్సిలు గీత పడింది.

"సరే సామీ. నీళ్లు తీసేస్తాండా."

"ఎవరు తెస్తారంట?" అంది లూదియా.

నిన్న పూసిన గోడ మీద నీళ్లు చల్లుతున్న ఆమె వెనక్కి తిరిగింది. "కాయితంలో కొట్టేస్తే బావి ఈడికి నడిచొస్తాదా?"

"ఏందిరా యోబూ, ఆడమనిషి మాట్లాడతాంది?"

"ఊరుకోమే," అన్నాడు యోబు. "మాట ఇచ్చేసినా."

"మాట నువ్విచ్చినావు. మోసేది నేను. నా కూలి ఐదు రూపాయలకు ఇటికె మోస్తా, ఇసుక మోస్తా. లెక్కలో లేని నీళ్లు ఆళ్లగడ్డలో తేను. ఈడ గూడా తేను."

ఆమె చేతిలోని ఖాళీ కడవను ఇటుకల మీద బోర్లించి, గోడ నీడలో కూర్చుంది.

సుబ్బయ్య ఆకు వక్క చాచే ఉన్నాడు. అందుకోబోయిన యోబు చెయ్యి మధ్యలో ఆగింది. నీళ్లు పడకపోతే సాయంత్రానికి పూత పగులుతుంది, మళ్లీ పూసేది తన డబ్బుతోనే. లూదియా తడిపినంత మేర గోడ నల్లగా ఉంది. తడపనిది అప్పుడే తెల్లబడుతోంది.