తెల్ల పిల్లి కనబడుటలేదు

గాజు ముక్కలు అయిదింటినీ పింగాణీ పళ్ళెంలో పేర్చి, ఒకదానికొకటి తగలకుండా చిటికెన వేలితో సర్ది, కొలిమాయన వెనక్కి జరిగి చూసుకున్నాడు. ముప్పై రెండేళ్ళుగా ఈ ప్రయోగశాలలో ఆయన పని అదే: ఎవరు ఏది తెచ్చిస్తే అది కరెంటు కొలిమిలో కాల్చి ఇవ్వడం. ఇంట్లో స్టవ్ ముట్టించడం కూడా రాదని భార్య నలుగురికీ చెప్పి నవ్విస్తుంది. ఈ రోజుతో ఉద్యోగం సరి.

గాజు ముక్కలు పరిశోధన చేస్తున్న అమ్మాయివి. జింకు కలిపిన ద్రావణంలో గాజును ముంచి, కరెంటు పంపి, దాని మీద జింక్ ఆక్సైడ్ పూత పట్టిస్తుంది. పాలు ఒలికినట్టుండే ఆ పూత నాలుగు వందల డిగ్రీల దగ్గర గంటసేపు కాలితే తేటపడి, వెలుతురును ధారాళంగా పోనిస్తుంది. ఎంత వేడికి ఎంత తేట అన్నదే ఆమె అయిదేళ్ళ చదువు. ఆ చదువుకే ఇప్పుడు ఎసరొచ్చింది. పోయిన నెల భార్య కంటి ఆపరేషన్‌కి కొలిమాయన సెలవు పెడితే, ఆమె తనే కాల్చుకుంది. అదే పూత, అవే నాలుగు వందలు. గాజు మాత్రం మసకబారింది. ఈ తేడా ఎందుకొచ్చిందో తేలందే థీసిస్ మీద సంతకం పెట్టనని ప్రొఫెసరు భీష్మించుకు కూర్చున్నాడు.

ఆమె ఆ మసక ముక్క తెచ్చి చూపించింది. ఆయన జేబులోంచి పాత పేపరు ముక్క తీశాడు. తెల్ల పిల్లి కనబడుటలేదన్న ప్రకటన, పక్కన పిల్లి ఫొటో. పూతను పరీక్షించడానికి ఆయనకున్న యంత్రం అదొక్కటే. కంఠతా వచ్చిన ప్రకటన కళ్ళు మూసుకున్నా కనిపిస్తుందని ఆమె ఎప్పుడూ ఏడిపిస్తుంది. ఇవాళ ఏడిపించలేదు.

ఆయన గాజును పిల్లి మీద పెట్టి పెదవి విరిచాడు. "ఇది ఎక్కువ కాలింది. ఎంత పెట్టావమ్మా?"

"నాలుగు వందలే బాబాయ్. మీరు పెట్టేదే."

"నేను పెట్టేది మూడు వందల డెబ్బై కదా."

ఆమె స్టూలు మీద కూలబడింది. ఆయన నింపాదిగా చెప్పుకొచ్చాడు. ఎప్పుడో రిపేరుకొచ్చిన మెకానిక్కు, కొలిమి మీటరు మీది అంకె అసలు వేడి కన్నా ముప్పై తక్కువ చూపిస్తోందనీ, కొత్త మీటరు పంపుతాననీ చెప్పి వెళ్ళాడట. మీటరు రాలేదు. ముప్పై తగ్గించి పెట్టడం ఆయన చేతికి అలవాటైపోయింది. రిజిస్టర్లో నాలుగు వందలని రాస్తాడు. లోపల ఉన్నది అంతే మరి.

"ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదమ్మా."

కోపం రావలసిన చోట ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆయనకు మాత్రం అప్పుడు తట్టింది. ఆమె అడక్కపోతే, ఈ మాట చెప్పకుండానే రేపు ఇంట్లో కూర్చునేవాడు.

ఈసారి ఆమే మీట తిప్పింది, మూడు వందల డెబ్బైకి. ఆయన చెయ్యి రెండుసార్లు దానంతటదే ముందుకొస్తే మెల్లగా పక్కకు తోసేసింది. గంట కాగానే కొలిమి ఆపారు. తొందరపడి తలుపు తీస్తే పూత పగిలిపోతుంది గనక, చల్లారేదాకా కబుర్లు చెప్పుకున్నారు. సాయంత్రం, గాజులోంచి ఎంత వెలుతురు పోతోందో కొలిచే యంత్రం గీసిన గీత, ఆయన కాల్చిన పాత పూతల గీత మీద అచ్చుగుద్దినట్టు కూర్చుంది. ప్రొఫెసరు కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చూసి, సంతకం పెడతానన్నాడు.

అందరూ టీ తాగుతుండగా, కొలిమి తలుపు మీద ఆమె ఎర్ర రంగుతో పెద్ద అక్షరాల్లో రాసింది: అంకె ముప్పై తక్కువ చూపిస్తుంది. ఆయనకు చూపిద్దామని వెనక్కి తిరిగితే స్టూలు ఖాళీగా ఉంది. భార్య కంట్లో చుక్కలు వేసే వేళయిందని చెప్పి బస్సుకు వెళ్ళిపోయాడట.

బల్ల మీద పాత పేపరు ముక్క, దాని మీద ఇవాళ కాల్చిన గాజు. కింద తెల్ల పిల్లి, మీసాలతో సహా కనబడుతోంది.